అత్త పాటలు, మా ఇరవై నిమిషాలు

మన పేజీకి ఇది మేట్టుపాళయం ఇంటి నుంచి రాస్తున్నది. ఇంతకుముందు మనవాళ్ళు ఊరగాయల గురించీ, కులదేవత పండగ గురించీ, పాత ఇంటి గురించీ రాసినారు. ఈసారి మేం పియానో గురించి రాస్తున్నాం. పియానోకీ మన ఇంటికీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి. సంబంధం ఉంది.

మేం అంటే ఈ ఇంటి కోడళ్ళిద్దరం. పెద్ద కోడలు మదురై పక్క పుట్టింది, తమిళ మీడియంలో ప్లస్ టూ దాకా చదివింది. చిన్న కోడలు చామరాజనగరం పక్క పుట్టింది, పదో తరగతి దాకా కన్నడ మీడియం. ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తుంది. ఇద్దరి పుట్టిళ్ళలోనూ తెలుగే మాట్లాడతారు, ఇద్దరికీ బడిలో తెలుగు అక్షరం నేర్పలేదు. కన్నడ లిపికి తెలుగు లిపి తోబుట్టువే కాబట్టి చిన్నది రెండు నెలల్లో కూడబలుక్కుని చదవడం నేర్చింది. అందుకని టైపు చేసే పని ఆమెది, చెప్పే పని ఇద్దరిదీ. ఒకరి మాట ఎక్కడ ఆగి ఇంకొకరి మాట ఎక్కడ మొదలయ్యిందో మాకే తెలీదు. అంతా "మేం" అనే రాస్తున్నాం.

మూడేళ్ళ కింద పెద్దామె కొడుకు కోసం 61 కీల కీబోర్డు కొన్నాం. వాడు క్రికెట్‌కి పోయినాడు, కీబోర్డు మాకు మిగిలింది. పోయిన ఏడాది దాన్ని ఇచ్చేసి, చేతులు మారిన డిజిటల్ పియానో ఒకటి తెచ్చుకున్నాం. దీనికి నిజం పియానో మాదిరే 88 కీలు, 52 తెల్లవి, 36 నల్లవి. ఇటలీలో ఫ్లోరెన్స్ ఊర్లో 1700 ప్రాంతంలో క్రిస్టోఫోరి అనే ఆయన కట్టిన వాద్యం ఇది. కీ నొక్కితే లోపల చిన్న సుత్తి పోయి తీగను కొడుతుంది. మెల్లిగా నొక్కితే మెల్లిగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. మా దాంట్లో తీగలు లేవు కానీ కీలకు ఆ బరువు ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రాత్రి పదింటికి వాయించినా పిల్లల నిద్ర చెడదు. కోడళ్ళకు అది పెద్ద వరం.

ఇప్పుడు అసలు సంగతి. మా అత్తకు 74 ఏళ్ళు. ఆమెకు పదకొండు తెలుగు పాటలు వచ్చు. జోలపాట, నలుగు పాట, అప్పగింతల పాట, రాముడి మీద మూడు, తిరుపతి వెంకన్న మీద రెండు, మిగతావి పొలం పనిలో పాడుకున్నవి. ఏదీ ఎక్కడా రాసిపెట్టింది కాదు. వాళ్ళమ్మ నోటి నుంచి వచ్చినాయి, ఆమెకు వాళ్ళమ్మ నోటి నుంచి. రెండేళ్ళుగా అత్తకు మాటలు జారిపోతున్నాయి. వయసుతో వచ్చే మరుపే అన్నాడు డాక్టర్. మొదటి చరణం బాగా పాడుతుంది, రెండో దాంట్లో ఆగిపోతుంది, చెయ్యి మాత్రం తాళం వేస్తానే ఉంటుంది. మాట పోయినా రాగం పోలేదు. మనవళ్ళకు తెలుగు అర్థమవుతుంది, జవాబు తమిళంలో చెప్తారు. ఈ పాటలు ఈమెతో ఆగిపోతే, ఇన్ని వందల ఏళ్ళు దాటి వచ్చినవి మా చేతుల మీదుగా ఆగినట్టు అవుతుంది. మేం పియానో ముందర కూర్చోడానికి కారణం ఇది.

ఊటీ రోడ్డు పక్కన పిల్లలకు నేర్పే మాస్టర్ ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరే చేరినాం. ఆయన చెప్పిన మొదటి మాట, "రోజుకు అరగంట వాయించండమ్మా." చిన్నపిల్లలకు ఆ మాట చాలు, వాళ్ళ వెనక అమ్మ నిలబడి ఉంటుంది. ముప్పై దాటినవాళ్ళకు అరగంట అనేది గడియారం లెక్కే, దాంట్లో గమ్యం కనపడదు. చిన్నామె ఆఫీసులో కూడా "సాఫ్ట్‌వేర్ బాగా పని చెయ్యాల" అని ఎవరైనా రాసి పంపితే టెస్టర్లు తిప్పి పంపిస్తారు. బాగా అంటే ఎంత బాగా? దాన్ని పరీక్ష చేసేది ఎట్లా? అవును, కాదు అని జవాబు రాలేని మాటను పరీక్షించలేం.

అందుకని మేం ప్రతి ఆదివారం రాత్రి ఒక నోటుబుక్కులో వారం గురి రాసుకుంటాం. ప్రతి గురికీ అయిదు ప్రశ్నలు. ఏ ముక్క? ఏ చెయ్యి? ఎంత వేగం? వరుసగా ఎన్నిసార్లు? ఏ రోజుకి? ఉదాహరణకు ఒక వారం ఇట్లా ఉంది: "నలుగు పాట, మూడో వరుస, ఎడమ చెయ్యి మాత్రం, మెట్రోనోమ్ 60లో, తప్పు లేకుండా వరుసగా మూడుసార్లు, గురువారానికి." గురువారం రాత్రి వాయించినాక దాని పక్కన ఒక గుర్తు పెడతాం. అయ్యిందంటే అయ్యింది. రెండుసార్లు సరిగా వచ్చి మూడోసారి వేలు తడబడితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి.

గుర్తులు రెండు కాదు, మూడు పెట్టుకున్నాం. టెస్టింగ్‌లో పాస్, ఫెయిల్ కాకుండా ఇంకోటి ఉంటుంది, బ్లాక్డ్ అని. అంటే పరీక్ష చెయ్యడానికే వీలు కాలేదు అని. చుట్టాలు వచ్చినారు, కరెంటు పోయింది, పిల్లకు జ్వరం, ఆఫీసులో రిలీజ్ రాత్రి. ఆ రోజులకు ఈ గుర్తు. అది ఫెయిల్ కాదు, కాబట్టి ఎవరికీ మనసు చిన్నబోదు. కానీ ఒక నెలలో ఈ గుర్తులు ఎక్కువైతే ఆ గురి పెట్టిన వేళే సరి కాదని తెలుస్తుంది, వేళ మార్చుకుంటాం. ఇల్లు నడిపే ఆడవాళ్ళకు ఈ మూడో గుర్తు లేకపోతే ఏ సాధనా మూడు నెలలు దాటదు. మేం మార్చి మార్చి చూసి, పెద్దామె పొద్దున అయిదున్నరకు, చిన్నామె రాత్రి తొమ్మిదిన్నరకు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు అని ఖాయం చేసుకున్నాం. శనివారం సాయంత్రం ఇద్దరం ఒకే బెంచీ మీద.

పాస్ అయినదాన్ని వదిలేస్తే మళ్ళీ జారిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో కొత్త ముక్క చేర్చిన ప్రతిసారీ పాతవి సరిగా ఉన్నాయా అని తిరిగి చూస్తారు. దాన్నే రిగ్రెషన్ అంటారు. మరుపు గురించి జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మీదే పరీక్షలు చేసుకుని 1885లో పుస్తకం రాసినాడు. నేర్చింది మొదటి గంటల్లోనే చాలా వేగంగా పోతుందనీ, తరవాత తరవాత మెల్లగా పోతుందనీ, మళ్ళీ నేర్చేటప్పుడు తక్కువ కష్టం చాలుననీ ఆయన లెక్క. కాబట్టి ఒక ముక్క వచ్చినాక మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు ఒకసారి తిరిగి వాయించాలని రాసుకుంటాం. ఇరవైలో మూడు నిమిషాలు దీనికే.

ఇదంతా ఆఫీసు తెలివి అనుకునేరు. మన సంగీతంలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. చిన్నామె కన్నడ బడిలో పురందరదాసు పదాలు పద్యాల మాదిరి కంఠస్థం చేసింది. ఆయనను కర్ణాటక సంగీత పితామహుడు అంటారని, పిల్లలకు మొదటి పాఠాలు ఆయనే వరుస పెట్టినాడని పెద్దలు చెప్పుకుంటారని ఇక్కడికి వచ్చినాకే తెలిసింది. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, తరవాత గీతాలు. ఒకటి కుదిరితేనే ఇంకోటి. ప్రతిదీ మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం, అంటే వేగం రెట్టింపు, మళ్ళీ రెట్టింపు. ఫ్రాన్స్‌లో హానన్ అనే ఆయన 1873లో అచ్చేసిన పియానో పుస్తకంలో 60 అభ్యాసాలు ఉన్నాయి. అక్కడా మెట్రోనోమ్ 60లో మొదలుపెట్టి మెల్లగా 108కి పొమ్మంటాడు. ఊర్లు వేరు, శతాబ్దాలు వేరు, వేళ్ళకు చెప్పే బుద్ధి ఒకటే.

సరళీ వరుసలు వాయించేటప్పుడు మాకొక సంతోషం దొరికింది. అవి మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. షడ్జమాన్ని సి కీ మీద పెట్టుకుంటే స, గ, మ, ప, ని తెల్ల కీల మీద, రి, ద నల్ల కీల మీద పడతాయి. స నుంచి మ దాకా వేళ్ళు ఎట్లా పడతాయో, ప నుంచి పై స దాకా అచ్చం అట్లాగే పడతాయి. ఒక సగం నేర్చుకుంటే రెండో సగం ఊరికే వస్తుంది. అక్షరాల విషయంలో మాత్రం పేచీ. పెద్దామె స్వరాలు తమిళంలో రాస్తే, క కీ గ కీ ఒకటే అక్షరం, త కీ ద కీ ఒకటే అక్షరం. చిన్నామె తెలుగులో రాస్తే పెద్దామె చదవలేదు. చివరికి నోటుబుక్కులో రెండు వరుసలు పెట్టినాం, పైన తెలుగు, కింద తమిళం. పెద్దామె ఇప్పుడు పై వరుస కూడా చదువుతుంది. ఆమెకు తెలుగు బడి ఆ ఏడు స్వరాలే.

పియానోతో ఒక చిక్కు ఉంది, దాచేదేం లేదు. మన పాటకు గమకం ప్రాణం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారాలి, ఊగాలి. పియానోలో కీకీ కీకీ మధ్య గోడ ఉంది. వయొలిన్ కూడా తెల్లవాళ్ళ వాద్యమే, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు దాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చినాడు. దానికి తీగ మీద వేలు జారే వీలుంది కాబట్టి మన ఇంటిదైపోయింది. పియానోకి ఆ వీలు లేదు. అయినా చెన్నైలో అనిల్ శ్రీనివాసన్ గారు సిక్కిల్ గురుచరణ్ గారి పాట పక్కన పియానో వాయిస్తారు. గమకం గొంతు చూసుకుంటుంది, పియానో కింద నిలబడి ఆనిక ఇస్తుంది. మేం దాన్ని చూసి మా గురి మార్చి రాసుకున్నాం. "అత్త పాడినట్టు వాయించాలి" అని కాదు, "అత్త పాడుతుంటే పక్కన ఉండేటట్టు వాయించాలి" అని. ఇది చేతనయ్యే పని. జోలపాట ఒక్కదానికి అదీ వద్దనుకున్నాం, దాన్ని గొంతుకే వదిలేసినాం.

నేరు స్వరాలకు అలవాటు పడడానికి మాస్టర్ మాకు ముత్తుస్వామి దీక్షితుల నోట్టు స్వరాలు ఇచ్చినారు. ఆ కాలంలో మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు వాయించిన మెట్లు విని, వాటికి ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టినాడు. అట్లాంటివి దాదాపు నలభై ఉన్నాయి. "సంతతం పాహిమాం" అనేదాని మెట్టు బ్రిటిషువాళ్ళ రాజగీతానిది. ఇవి శంకరాభరణం మెట్లు కాబట్టి సి నుంచి మొదలుపెడితే అన్నీ తెల్ల కీలే.

ఈ దీక్షితుల ఇంటి కథలో మన వంటి కుటుంబాలు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఎట్టయాపురం ఇప్పటి తూత్తుకుడి జిల్లాలో ఉంది. ఆ సంస్థానం జమీందార్లు తెలుగు మాట్లాడేవాళ్ళు. ఆ ఊర్లో ఉండిన సుబ్బరామ దీక్షితులు 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే పెద్ద పుస్తకం అచ్చేయించినారు. అది తెలుగు లిపిలో ఉంది. తమిళ దేశం నడుమ, తమిళ ఇంటాయన, తెలుగులో. ఏ స్వరం ఎట్లా ఊగాలో చెప్పడానికి గుర్తులు పెట్టి మరీ రాసినారు. ఆ పనికి ఆయనను ముందుకు తోసినవాళ్ళలో చిన్నస్వామి ముదలియార్ ఒకరు. ఈయన 1893లో మన పాటలను పాశ్చాత్య సంగీతపు గీతల మీద రాసి మద్రాసులో పుస్తకం తెచ్చినాడు. నోటిలో ఉన్నది కాగితం మీదికి రాకపోతే పోతుందని వాళ్ళకు భయం పట్టింది. మాకు పట్టింది అదే భయం. వాళ్ళది సముద్రమైతే మాది చెంబెడు నీళ్ళు. దప్పికకు చెంబే కదా కావలసింది.

మా ఇద్దరి మధ్య ఒక తగువు వచ్చింది, అదీ గురి గురించే. పెద్దామెకు ట్రినిటీ పరీక్ష రాయాలని ఆశ. లండన్ ట్రినిటీ కాలేజీవాళ్ళ పియానో పరీక్షల్లో ఇనీషియల్ అని మొదటి మెట్టు, దాని తరవాత ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడులు. నూటికి 60 వస్తే పాస్, 75కి మెరిట్, 87కి డిస్టింక్షన్. పరీక్షకు మూడు రచనలు తయారు చెయ్యాలి. ఉన్న ఇరవై నిమిషాలు వాటికే పోతాయి. అత్త పాటలు ఎప్పుడు?

"అక్కా, పరీక్ష వచ్చే ఏడాదీ ఉంటాది. అత్త గొంతు ఉంటాదా?" అని అడిగింది చిన్నామె.

"ఉండదేమో. నాకు మాత్రం నలభై వచ్చే లోపల నా పేరుతో ఒక కాగితం కావాలమ్మా. పెండ్లి పత్రిక, రేషన్ కార్డు తప్పితే నా పేరు అచ్చులో ఎక్కడ ఉండాది చెప్పు?" అంది పెద్దామె.

దానికి జవాబు లేదు. రెండు రోజులు వంటింట్లో ఉప్పు, పప్పు మాటలు తప్ప వేరే మాట లేదు. మూడో రోజు మార్కుల పట్టీ ముందర పెట్టుకుని కూర్చున్నాం. మూడు రచనలకు ఒక్కొక్కదానికి 22, మొత్తం 66. స్కేళ్ళు, అభ్యాసాలకు 14. మిగిలిన 20 రెండు చిన్న పరీక్షలకు, ఒక్కొక్కటి 10. ఆ రెండూ మనమే ఎంచుకోవచ్చు, చూడని కాగితం చదివి వాయించడం, విని చెప్పడం, అప్పటికప్పుడు కల్పించి వాయించడం, సంగీతం గురించి ప్రశ్నలు, ఈ నాలుగులో. విని చెప్పడం ఉంది కదా! అత్త పాడింది విని, స్వరం పట్టి, కీ మీద వెతకడం అంటే ఆ చెవి సాధనే. పెద్దామె చెవి మా ఇద్దరిలో పదును. అందుకని అత్త నోటి నుంచి మెట్టు పట్టే పని ఆమెది, దానికి ఎడమ చేతి ఆనిక కట్టే పని చిన్నామెది అని పంచుకున్నాం. పెద్దామె ఇరవై నిమిషాల్లో ఎనిమిది పాటకు, పన్నెండు పరీక్షకు. చిన్నామెది అంతా పాటలకే. పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోయింది, కానీ పోలేదు. ఇద్దరి గురీ నిలిచింది.

పాటల వరుస కూడా అప్పుడే తేల్చుకున్నాం. ఎవరైనా సులువైనది ముందు నేర్చుకుంటారు. టెస్టింగ్‌లో అట్లా కాదు, ఏది చెడితే ఎక్కువ నష్టమో దాన్ని ముందు చూస్తారు. మేం పదకొండు పాటలూ అత్త చేత ఫోన్‌లో పాడించి, ఏ పాటలో ఎన్ని చోట్ల ఆగిందో లెక్క పెట్టినాం. ఎక్కువ ఆగినదే మొదటి నంబరు. అది నలుగు పాట, వేళ్ళకు అన్నిటికంటే కష్టం. దాని మీద ఏడు వారాలు పోయినాయి. రాముడి పాటలు మూడూ నేరుగా మోహన రాగం స్వరాల్లో నడిచేవి, నల్ల కీలు అయిదింటి మీదే వచ్చేస్తాయి, ఒక్కొక్కటి రెండు వారాలు చాలు. అయినా వాటిని వెనక్కి పెట్టినాం. అవి అత్తకు గట్టిగా ఉన్నాయి, ఆగగలవు.

మా ఊరి నుంచి ఊటీకి పోయే కొండ రైలు మీకందరికీ తెలుసు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసినారు. 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్లకు, 46 కిలోమీటర్లు, ఎక్కడానికి అయిదు గంటల దగ్గర పడుతుంది. కల్లారు దాటినాక పట్టాల నడుమ పళ్ళ పట్టా ఉంటుంది, ఇంజను కింది చక్రం ఆ పళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కుతుంది. పొద్దున ఏడు దాటి రైలు కూత వినపడితే అత్త ఇప్పటికీ "పోతా ఉండాది" అంటుంది. వారానికి ఒక వరుస, రెండు వరుసలు అంటే నవ్వేవాళ్ళకు మేం ఆ పళ్ళ పట్టా చూపిస్తాం. అది వేగంగా పోదు, వెనక్కి జారదు.

కోయంబత్తూరు తెలుగువాళ్ళలో జి.డి. నాయుడు గారిని తలవకుండా ఎట్లా? 1893లో కలంగల్‌లో పుట్టిన ఆయనకు బడి అబ్బలేదు. హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి ఒక మోటార్ సైకిల్ కొని, దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టినాడు. పాటను కూడా అట్లాగే విప్పాలి. కుడి చెయ్యి వేరే, ఎడమ చెయ్యి వేరే, తాళం వేరే. విప్పినవాడికే బిగించడం వస్తుంది.

ఈ రోజుకి మా లెక్క ఇది. పదకొండులో నాలుగు పాటలు అత్త పక్కన మొత్తం వాయించగలం. రెండు సగంలో ఉన్నాయి. మూడు రికార్డింగు మాత్రమే అయ్యింది. జోలపాట గొంతుది. మిగిలిన ఒకటి అప్పగింతల పాట, దాని రెండో చరణం అత్తకు రావడం లేదు. మెట్టు ఉంది, మాట లేదు. ఆ చోటికి వచ్చినప్పుడు మేం వాయిస్తాం, అత్త తాళం వేస్తుంది, ఎవరమూ పాడం. పెద్దామె పరీక్ష డిసెంబరులో.

పోయిన నెల క్రికెట్ పిల్లోడు నలుగు పాట విని, దాంట్లో ఒక మాటకు అర్థం ఏమని వాళ్ళ అవ్వను అడిగినాడు. అడగడం తమిళంలోనే. అత్త తెలుగులో అరగంట చెప్పింది, వాళ్ళమ్మ పెండ్లిలో పెట్టిన నలుగు పిండి గురించీ, దాంట్లో ఏమేం కలిపినారో దాని గురించీ. వాడు ఆ మాటను తమిళ అక్షరాల్లో చేతి మీద పెన్నుతో రాసుకుని బడికి పోయినాడు. మా నోటుబుక్కులో ఆ రోజుకు గురి ఏమీ రాయలేదు, అయినా పెద్దామె పాస్ అని గుర్తు పెట్టింది.

మీ ఇంట్లో పియానో ఉండాలని లేదు. హార్మోనియం, వీణ, పిల్లన గ్రోవి, ఫోన్‌లో కీబోర్డు యాప్, ఏదైనా సరే. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ చేత పాడించి ఫోన్‌లో పట్టుకోండి. ఎక్కడెక్కడ ఆగుతున్నారో గుర్తు పెట్టండి. ఎక్కువ ఆగే పాటతో మొదలుపెట్టండి. ఆదివారం రాత్రి అయిదు ప్రశ్నలకు జవాబు రాయండి, వారంలో మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి. రోజుకు ఇరవై నిమిషాలు లేకపోతే పది పెట్టుకోండి, వేళ మాత్రం మార్చకండి.

ఇంకొక్క మాట. మదురై, తేని, హోసూరు, బెంగుళూరు పక్క ఉండే మన చుట్టాల ఇండ్లలో, ఆడబిడ్డను పంపేటప్పుడు పాడే అప్పగింతల పాట రెండో చరణం ఎవరికైనా వస్తే దయచేసి ఇంటికి ఫోన్ చెయ్యండి. మాటలు వేరుగా ఉన్నా పరవాలేదు, మెట్టు కలిస్తే చాలు. పొద్దున పదకొండు లోపల చేస్తే అత్తే ఎత్తుతుంది. ఆ వేళ ఆమెకు అన్నీ బాగా గుర్తుంటాయి.